గ్యాస్ తినే ఏసీ

“టీ పెట్టు. ఏసీ బాగుచేసే మనిషొచ్చాడు.”

నాయిఫ్ ఈ మాట అన్నది ఎవరితోనో కాదు, పొద్దుటి నుంచీ అకబా ఊళ్ళో మేడలెక్కి దిగుతూ పరాయివాళ్ళ ఏసీలు బాగుచేసి, పనిసంచీ ఇంకా భుజం మీంచి దించని తన పెళ్ళాంతో. రుదైనాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో గుమ్మంలోంచి “యా సాతిర్!” అని ఆ మెకానిక్ అబూ రాకాన్ కేక వినిపించింది. పరాయి మగాడు వస్తున్నాడు, ఆడవాళ్ళు తప్పుకోండి అని దానర్థం. తప్పుకుంది. సంచీతో సహా వంటింట్లోకి పోయి, పొయ్యి మీద గిన్నె పెట్టింది. సంచీలో పానాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

శిక్షణ కేంద్రంలో ఈ పని నేర్చుకుంటానన్నప్పుడు నాయిఫ్ పెద్దగా అడ్డు చెప్పలేదు. మగాళ్ళు లేని ఇంట్లోకి పరాయి మెకానిక్ అడుగు పెట్టకూడదు కాబట్టి, ఎండాకాలం వస్తే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ రుదైనాయే దిక్కు. “ఇంట్లో మగాళ్ళు లేరమ్మా, నువ్వు రాకపోతే పిల్లలు ఉడికిపోతారు” అని ఫోన్లు. ఆ పనంతా నాలుగ్గోడల మధ్య, ఇంటి వెనక, మేడ మీద. ఎవరి కంటా పడదు గనక నాయిఫ్‌కు అభ్యంతరం లేదు. తమ ఇంటి సంగతి వేరు. వీళ్ళ ఏసీ బయటి పెట్టె సరిగ్గా వీధి గుమ్మం పైన ఉంది. ఎదురుగా టీకొట్టు, అందులో పేకాడే అతని స్నేహితులు. “నువ్వు నిచ్చెనెక్కితే నేను కింద గాజులు తొడుక్కుని నిలబడాలా?” అని ఒక్కసారే అన్నాడు. ఆ ఒక్కసారితో అది శాసనమైపోయింది. ఊరందరి ఇళ్ళలోనూ మెకానిక్, తన గుమ్మంలో మాత్రం టీ పెట్టే మనిషి. ఇంతకన్నా తలకొట్టేసే పని ఇంకోటి ఉంటుందా?

వంటింటి కిటికీలోంచి బుస్సుమన్న చప్పుడు వినిపించింది. సిలిండర్ తగిలించి గ్యాస్ ఎక్కిస్తున్నాడు. కారుతున్న చోటు వెతకలేదు, పైపుల్లో గాలి లాగలేదు. సబ్బు నురగ పూసి చూసిన పాపాన పోలేదు. మొన్న చేసిందీ ఇదే, అంతకు ముందు చేసిందీ ఇదే. రుదైనా ఉండబట్టలేక తలుపు చాటు నుంచే అడిగింది.

“అన్నా, లీకు ఎక్కడుందో చూశావా? సన్న పైపు నట్టు దగ్గర నూనె జిడ్డు కనిపిస్తోంది కదా.”

“అయ్యో చెల్లీ! ఏసీ అన్నాక గ్యాస్ తినదా? మనిషి అన్నం తినట్లా? ఏడాదికోసారి పెట్టాలి, అంతే.”

“ఏడాదికోసారా? ఈ వేసవిలోనే ఇది మూడోసారి. అంత తిండిపోతు ఏసీని నేనెక్కడా చూళ్ళేదు!”

“నువ్వు లోపలికి పో” అన్నాడు నాయిఫ్, టీ అందుకుంటూ. ఆ తర్వాత అబూ రాకాన్ వైపు తిరిగి, “చక్కెర సరిపోయిందా?” అని మర్యాదగా అడిగాడు.

వారం తిరక్కుండానే ఏసీ మళ్ళీ వేడిగాలి కొట్టింది. గుండెజబ్బు మనిషి అత్తగారు, ఆ గదిలోనే మంచం. “పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు నా కోడలు ఊరందరినీ చల్లబెడుతుంది. నేనిక్కడ ఆవిరి కుడుములా ఉడుకుతున్నా” అని తడిగుడ్డ మొహం మీద వేసుకుని సణిగింది. “నన్నంటావేం అత్తా? నీ కొడుకుని అడుగు” అంది రుదైనా. ముసలామె గుడ్డ తీసి కొడుకు వైపు చూసింది. నాయిఫ్ తల గోక్కున్నాడు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

“మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా ఉండదు. అప్పుడు ఎక్కి చేసెయ్. ఎవరన్నా అడిగితే అబూ రాకాన్ చేశాడని చెబుతాలే.”

‘లే’ అట! ఏదో ఉపకారం చేస్తున్నట్టు. ఆ సమయంలో ఇనుప నిచ్చెన పట్టుకుంటే చెయ్యి కాలుతుందని అతనికి తోచనే లేదు. వంట చేసి, అత్తగారికి మందులిచ్చి, అందరూ కునుకు తీసే వేళ తను దొంగలా గోడెక్కాలి. ఎవరి ఇల్లని? తన ఇల్లే. తిట్టుకుంటూనే ఎక్కింది, మంచం మీద ముసలి ప్రాణం కోసం. మిగిలిన గ్యాస్ సిలిండర్లోకి లాగి, పగిలిన పైపు కొస కోసేసింది. కొత్తగా అంచు విప్పార్చి, నట్టు బిగించింది. నైట్రోజన్ నింపి నురగ పూస్తే ఒక్క బుడగ లేవలేదు. పంపు పెట్టి గాలంతా లాగి, మీటరు ముల్లు కదలకుండా నిలిచేదాకా కనిపెట్టుకుని కూర్చుని, అప్పుడు తూకం వేసి గ్యాస్ పట్టించింది. కిందికి దిగేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. లోపల అత్తగారు దుప్పటి అడుగుతోంది. రుదైనా ఆ మాట విని మురిసిపోయింది, అబద్ధమెందుకు!

ఆ మురిపెం సాయంత్రం దాకా నిలిచింది. అసర్ నమాజు ముగిసి మగాళ్ళు టీకొట్టు దగ్గర చేరారు. ఎవరో అడిగారు, “ఏంటి నాయిఫ్, ఏసీ బాగయిందటగా?”

“అబూ రాకాన్ చేశాడు. ఏమన్నా చెయ్యండి, వాడి చేతిలో పనితనం ఉంది” అన్నాడు నాయిఫ్.

కిటికీ దగ్గర గిన్నెలు తోముతున్న రుదైనా చేతులు ఆగిపోయాయి. చెబుతానని ముందే చెప్పాడు, అయినా చెవులారా వింటే ఒళ్ళు మండిపోయింది. బొబ్బలు తనవి, పనితనం అబూ రాకాన్‌ది! పదేళ్ళుగా ఈ ఇంట్లో వండిందీ, ఉతికిందీ, మోసిందీ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సర్లే, ఆ పనికి పేరుండదని సరిపెట్టుకుంది. ఈ పనికి పేరుంది. తను చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న పేరు. దీన్ని కూడా ఊరుకుంటే ఇక తనకంటూ మిగిలేదేముంది?

చేతులు తుడుచుకుంది. పనిబట్టలు తొడుక్కుని, తలగుడ్డ బిగించింది. నిచ్చెన తీసుకుని వీధి గుమ్మంలోంచే బయటికి వచ్చింది. పేకలు పంచుతున్న చెయ్యి గాల్లోనే ఆగింది. రుదైనా ఎవరి వైపూ చూడలేదు. ఎక్కి, సంచీలోంచి తాళంచెవి లాంటి చిన్న పనిముట్టు తీసి, సన్న పైపు వాల్వు మూసింది. గ్యాస్ అంతా బయటి పెట్టెలోకి వచ్చి చేరేదాకా ఆగి, లావు పైపు వాల్వు కూడా మూసి, “అత్తా, రిమోట్‌తో ఆపెయ్!” అని కేకేసింది. లోపల ఏసీ టక్కున ఆగింది.

నాయిఫ్ పరుగున వచ్చాడు. మొహం కందిపోయింది.

“ఏం చేస్తున్నావే? దిగు! అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. గ్యాస్ ఎక్కడికీ పోలేదు, పెట్టెలో భద్రంగా ఉంది. వాల్వు తిప్పితే మళ్ళీ చల్లగాలి.”

“మరి తిప్పు!”

“తిప్పుతా. దీన్ని ఎవరు బాగుచేశారో ముందు వాళ్ళకి చెప్పు.”

“లోపలికి పద, మాట్లాడుకుందాం” అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

“నేనిక్కడ బాగానే ఉన్నాను” అంది రుదైనా, నిచ్చెన మీదే కుదురుగా కూర్చుంటూ.

నాయిఫ్ పెళ్ళాం వైపు చూశాడు, స్నేహితుల వైపు చూశాడు, చెప్పుల వైపు చూసుకున్నాడు. అప్పుడు లోపలి గదిలోంచి ముసలామె గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

“ఒరేయ్ నాయిఫ్! ఉక్కపోస్తోందిరా! నీ పెళ్ళామే చేసిందని చెప్పి చావు!”