కూలబడని బండి

రాత్రి పడ్డ మంచుకు బండి మీది దుమ్ము బురదై పెచ్చుకట్టింది. రాజలింగం బకెట్‌లోంచి దోసిళ్లతో నీళ్లు చల్లి, దాన్ని నాననిచ్చి, అరచేత్తో కిందికి జార్చుతున్నాడు. ముందే గుడ్డ పెడితే ఇసుక గీరుకుంటుంది. బర్రెను కడిగినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ముందు నానాలి, తర్వాత చెయ్యి, ఆ తర్వాతే గుడ్డ. బానెట్ కొసనున్న మూడు కొమ్మల మర్సిడీస్ చుక్కను మాత్రం చివరికి, భుజం మీది తువ్వాలతో తుడుస్తాడు.

పొట్టి మనిషి. తలను మెడ మీద కాక నేరుగా భుజాల మీదే పెట్టినట్టుంటుంది. రెండు మోచేతులూ నల్లగా మాడి ఉంటాయి. కుడిది మెట్‌పల్లి రైసుమిల్లు లారీ కిటికీ మీద మాడింది, ఎడమది ఈ దేశపు కారు కిటికీ మీద. స్టీరింగు ఏ పక్కకు మారితే ఆ పక్క మోచేతిని ఎండకు అప్పగించాడు. అతని బతుకు చెప్పమంటే ఆ రెండు మచ్చలు చూపిస్తే చాలు, మధ్యలో చెప్పుకోవలసిందేమీ లేదు.

రైసుమిల్లు లారీకి కూడా ముందర ఇదే చుక్క ఉండేది. మన దేశపు కంపెనీ జర్మనీవాళ్లతో పొత్తు కలిసి చేసిన లారీలవి. పొత్తు తీరాక చుక్క పోయింది గానీ, జనం నోట అది బెంజి లారీగానే ఉండిపోయింది. డెబ్భై ఏడులో అబూదాబీలో దిగినప్పుడు, వరసగా నిలబెట్టిన డ్రైవర్లను చూసి యజమాని హాజీ ఖల్ఫాన్ "మర్సిడీస్ తోలినవాడెవడు?" అని అడిగాడు. రాజలింగం చెయ్యెత్తాడు. లారీ అని చెప్పడానికి అప్పటికి భాష లేదు. ఎత్తిన ఆ చెయ్యి ఏడేళ్లయినా కిందికి దిగలేదు.

మధ్యలో ఒక్కసారి సెలవు దొరికింది. తర్వాత ఇక చాలు, పూర్తిగా పోతానని అడిగితే, హాజీ తన మజ్లిస్ చావడిలో పదిమంది ముందు గడ్డం నిమురుకుంటూ మాటిచ్చాడు. "ఈ బండి కూలబడ్డనాడు నీ పాస్‌పోర్టు నీకిస్తాను. అందాకా బండి, నువ్వు, నేను ముగ్గురం ఒకటే." కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మర్సిడీస్ డీజిలు బండి కూలబడటమేమిటి? ఆ రకం బండి కొన్నవాడు పోయినా బండి పోదని, మీటరు తిరిగి తిరిగి మళ్లీ సున్నాకొచ్చినా ఇంజను గొంతు మారదని ఆ ఊళ్లో ట్యాక్సీవాళ్ల మాట. రాజలింగం కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు గనక.

హాజీ చెడ్డవాడు కాడు. తను తినే పళ్లెంలోంచే ఖర్జూరాలు తీసి ఇస్తాడు. తాళం వేసిన ఇనప్పెట్టెలో తన పాస్‌పోర్టు పక్కనే రాజలింగం పాస్‌పోర్టు కూడా పెట్టుకున్నాడు. అంత భద్రంగా మరెవరూ దాచరు.

బండి చక్కగా ఉంటే తాను కదలలేడు. బండిని చక్కగా ఉంచేవాడు తానే. ఈ ముడి రాజలింగానికి తెలియక కాదు. తెలిసీ ప్రతి పొద్దున్నా బకెట్ పట్టుకుంటాడు.

మొన్నటిదాకా ఇది ఓర్చుకోదగ్గదిగానే ఉండేది. ఆయిలు మరకల చేతులతో ఉత్తరాలు రాయలేక, అతనూ అందరిలాగే క్యాసెట్లు పంపేవాడు. ఇంటి నుంచి వచ్చినవి వినడానికి బండిలోనే టేప్‌రికార్డరు ఉంది. మూడు క్యాసెట్ల కింద భార్య సాయవ్వ తెగేసి చెప్పింది:

"ఇనవడుతుందా? నేను సాయవ్వను మాట్లాడుతున్న. అంత మంచిగనే ఉన్నం. బీడీలు జేసుడు నడుత్తుంది. ఇగ జెప్తున్న, ఇదే ఆఖరు. గీ డబ్బాల మొగనితోని ఎన్నేండ్లు సంసారం జెయ్యాలె? వాడకట్టోల్లంత అచ్చి నా మొగని గొంతు ఇంటరు, పోతరు. ఇగ నేను దీంట్ల మాట్లాడ. నువ్వు అత్తె నీ మొఖం జూసి మాట్లాడుత. రాకపోతె లేదు."

అన్నట్టే చేసింది. ఆ తర్వాతి క్యాసెట్లలో తమ్ముడు మాట్లాడాడు, మేనల్లుడు మాట్లాడాడు, పక్కింటి ముసలమ్మ దగ్గింది. సాయవ్వ లేదు. వెనక ఎక్కడో గిన్నె చప్పుడైతే అది ఆమెదేనని రాజలింగం వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు.

అందుకే నిన్న సాయంత్రం ముసఫ్ఫా వర్క్‌షాపు నుంచి మీరా హుస్సేన్ వచ్చాడు. రాయచోటివాడు, హాజీ నమ్మే మెకానిక్కు. ఇంజను రోగం పడుతోందని నెల రోజులుగా రాజలింగం తన చెవిలో ఊదుతుంటే, హాజీ చివరికి "సరే, రేపు హుస్సేన్‌నే అడుగుదాం" అన్నాడు. ఆ అడగబోయే మాటకు ముందు రాత్రే ఏర్పాటు. మీరా హుస్సేన్ బానెట్ లేపి, పళ్ల మధ్య బీడీ కరుచుకుని, చేతులతో ఒక పని, నోటితో ఒక పని చేస్తూ పోయాడు.

"ఈ కంపెనీ మొట్టమొదటి కారుకు మూడే చక్రాలు లింగన్నా. నేను పని నేర్చుకున్న కాడ బొమ్మల పుస్తకంలో చూసినా. చేసినాయన దాన్ని షెడ్డు దాటనీకుండా కాపలా కాస్తా కూర్చున్యాడు. ఆయప్ప పెండ్లాం ఏం చేసిందో తెల్సునా? మొగునికి చెప్పకుండా ఇద్దరు పిల్లోల్లను ఎక్కించుకోని పుట్టింటికి ఎల్లబారింది."

"పుట్టింటికా!"

"ఊఁ. దోవలో నూనె అయిపోవస్తే మందులంగట్లో కొనింది. పైపు మూసకపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకులరిగితే చెప్పులు కుట్టేటోనితో తోలు కొట్టించింది. మిట్టలొచ్చిన కాడ పిల్లోల్లు తోసినారు. అట్ల ఆయమ్మ అమ్మగారింటికి చేరినంక గదప్పా, లోకం ఈ బండిని నమ్మింది!"

"మొగన్ని అడగకుంటనే పోయిందా?"

"అడిగింటే పంపిస్తాడా?"

రాజలింగం "ఆమె పాస్‌పోర్టు మొగని పెట్టెల లేకపాయె" అన్నాడు.

మీరా హుస్సేన్ నవ్వి, ఇంజనులోకి డీజిలు పోసే నాలుగు ఇనుప గొట్టాల్లో ఒకదాని నట్టును పానాతో కొంచెం వదులు చేశాడు. "పొద్దున మూడు కాళ్ల ఎద్దు మాదిరి కుంటతాది. ముసలాయన ఎనక సీట్లో ఎగిరెగిరి పడాల. నా కాడికి తీసుకరా. ఇంజను ఖలాస్ అని నేను చెప్తా. నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోవాకు."

ఇప్పుడు రాజలింగం చుక్క తుడవడం ముగించి, సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను వేడెక్కిందని చెప్పే పసుప్పచ్చ దీపం ఆరేదాకా ఆగి, మరి కాస్త తిప్పాడు. ఇంజను లేచింది గానీ ఒక పక్కకు ఒరిగి తన్నుకుంది. బానెట్ వణికింది. చుక్క వణికింది. తెల్లపొగ గోడకు కొట్టుకుంది. అనుకున్నట్టే ఉంది. సాయవ్వకు మొదట ఏం చెప్పాలి? బస్సు దిగి ఇంటికి నడిచి పోతాడు. గడపలో చాటలో ఆకు కత్తిరిస్తూ ఉంటుంది. తలెత్తదు. ఏమని పిలవాలి?

ఆ చప్పుడు మాత్రం చెవిలో పుండులా సలుపుతోంది. ఆలోచన ఊళ్లో ఉంది. మనిషి లేచాడు, బానెట్ ఎత్తాడు, డిక్కీలోంచి పానా తెచ్చాడు. డీజిలు చెమ్మ ఎక్కడ ఉబుకుతోందో వేలికి తగిలింది. ఒక్క తిప్పు. ఇంజను గొంతు సరిపోయింది, మేత తిన్న ఎద్దు నెమరేసినట్టు నిమ్మళంగా. రాజలింగం హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య పూర్తికాకముందే చేసిన పని తెలిసింది. చేతిలో పానా వంక చూశాడు. మళ్లీ నట్టు మీద పెట్టబోయేసరికి వెనక కర్ర చప్పుడైంది.

"సబాహుల్ ఖైర్, రాజ్," అన్నాడు హాజీ. "యల్లా, పోదాం."

దారి పొడుగునా బండి నీళ్ల మీద పడవలా పోయింది. హాజీ వెనక సీట్లో కాళ్లు చాపుకుని, కుర్రతనంలో బొంబాయి రేవులో నేర్చిన హిందీలో, చుక్క సంగతి ఎన్నోసారో చెప్పాడు. ఒక కొమ్మ నేలకు, ఒకటి నీళ్లకు, ఒకటి ఆకాశానికి. అన్నిచోట్లా తమ ఇంజనే తిరగాలని కంపెనీవాళ్లు పెట్టుకున్న గుర్తట. "ముత్యాల పడవల మీద నాకు నీళ్ల కొమ్మ అయిపోయింది. నేల కొమ్మ నువ్వు తోలుతున్నావు." ఆకాశం కొమ్మ సంగతి ఎత్తలేదు. రాజలింగం అద్దంలోంచి ఆయన్నే చూస్తూ, ఒక్కసారైనా ఎగిరిపడతాడేమోనని కావాలనే ఒక గుంతలోకి పోనిచ్చాడు. బండి ఆ గుంతను మింగి ఊరుకుంది.

వర్క్‌షాపులో మీరా హుస్సేన్ చావు కబురు తెచ్చినవాడి ముఖం పెట్టుకుని ఎదురొచ్చాడు. బానెట్ ఎత్తకముందే తల అడ్డంగా ఊపాడు. "హాజీ, మకీనా ఖలాస్. ఇక లేదు." ఆ తర్వాత ఎత్తి, చెవి పెట్టి, అలాగే వంగి ఉండిపోయాడు. తల తిప్పకుండా తెలుగులో అన్నాడు:

"ఏం చేస్తివప్పా లింగన్నా?"

"చెయ్యి ఊకోలే."

"చెయ్యి ఊకోలేదంట! ఆ చేతిని నరికి ఊరికి పంపిచ్చు. మిగిలిన మనిషివి ఈడనే ఉండు."

హాజీ కర్ర ఊతంగా దగ్గరికొచ్చాడు. వేలితో గొట్టం మీద ఆరీ ఆరని డీజిలు చెమ్మను రాసి, వాసన చూశాడు. పక్కన మెరుస్తున్న నట్టును చూశాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. మీరా హుస్సేన్ మరక లేని చేతుల్ని గుడ్డతో తుడుచుకోసాగాడు. హాజీ వెళ్లి బండిలో కూర్చున్నాడు.

మఫ్రఖ్ కూడలి దాటాక రోడ్డు పక్క చాయ్ కొట్టు ముందు ఆపమన్నాడు. హారన్ కొడితే మలబారీ అబ్బాయి గ్లాసు తెచ్చి కిటికీలోంచి అందించాడు. హాజీ సగం తాగాడు. "గ్లాసు మళ్లీ వచ్చినప్పుడు ఇద్దాం, పోనీ" అన్నాడు. బండి కదిలాక మొదలుపెట్టాడు.

"సంతలో ఒంటెను చవగ్గా కొనాలంటే, ముందు రాత్రి పోయి దాని పాదంలో గులకరాయి దూర్చేవాళ్లం. పొద్దున కుంటుతుంది, బేరం దిగుతుంది. నేనూ దూర్చాను. అల్లా క్షమించాలి. కానీ రాయి దూర్చుకుని, పొద్దున తానే తీసేసిన మొనగాణ్ని ఇవాళే చూశాను."

రాజలింగం చెవులు కాలిపోయాయి. "మాఫ్ కరో, బాబా."

"ఇంట్లో ఎవరున్నారు?"

"భార్య. మాట్లాడుతలేదు, బాబా."

హాజీ అన్నాడు: "ఇంటికి పోవడం కోసం కూడా బండిని కుంటనివ్వలేనివాణ్ని కట్టేసి ఉంచడం హరామ్, పాపం. రేపు తెల్లవారి ఫజర్ నమాజు కాగానే మజ్లిస్‌కు రా. పెట్టె తీస్తాను."

"బండి, బాబా?"

"అది ఉంటుంది. దానికి చావు లేదు. నువ్వు పో."

రాజలింగానికి రోడ్డు మసకగా కనిపించింది. కళ్లు తుడుచుకున్నాడు. ఏడేళ్లలో ముందు సీటు నుంచి తనంత తానుగా మాట్లాడింది లేదు, ఇప్పుడు ఆగలేకపోయాడు. సాయవ్వ పనితనం చెప్పాడు, ఆమె చుట్టిన బీడీని కార్ఖానా సేట్ ఏనాడూ తీసి పారెయ్యలేదని చెప్పాడు. కోపమొస్తే వంట మానదు గానీ ఉప్పు మానేస్తుందని చెప్పాడు. లారీ మాటా చెప్పాడు: "ఆ రోజు చెయ్యెత్తిన గానీ బాబా, నేను తోలింది కారు కాదు, లారీ." చెప్పి, తనే నవ్వాడు. హిందీ చాలని చోట తెలుగు కలిసింది. వెనక నుంచి పలుకు లేదు. అద్దంలో హాజీ తల కిటికీకి ఆని ఉంది. నిద్రపట్టింది పాపం అనుకుని, కుదుపు తగలకుండా, పెళ్లికూతుర్ని తెస్తున్నంత నెమ్మదిగా తోలుకొచ్చాడు.

గేటు లోపల ఆపి తలుపు తీసి "బాబా" అన్నాడు. భుజం తట్టాడు. ముసలాయన చెయ్యి చల్లగా జారి అతని అరచేతిలో పడింది.

ఇంటివాళ్లు ఆ పక్కనుంచే ఎత్తుకుని లోపలికి తీసుకుపోయారు. పొద్దు వాలకముందే ఖననం అయిపోయింది. సాయంత్రం మజ్లిస్ నిండా మనుషులు. పెద్దకొడుకు సైఫ్ ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో కూర్చున్నాడు. రాజలింగం చెప్పులు విడిచి, గోడవార నిలబడి, సందు చూసి దగ్గరికి పోయి గొంతు తగ్గించి చెప్పాడు. పొద్దున బండిలో బాబా ఇలా అన్నాడని.

సైఫ్ కసురుకోలేదు. అలసటగా తలెత్తాడు. "మధ్యాహ్నం నుంచి నువ్వు నాలుగోవాడివి, రాజ్. ఒకడికి తోట ఇస్తానన్నాడట. ఒకడికి ఒంటెలట. నేనెవర్ని నమ్మను? ఎవరు విన్నారు?"

"బండిల మేమిద్దరమే, సాబ్."

"నీ గురించి బాబా అన్న మాట ఇక్కడే, ఇంతమందిమీ విన్నాం. బండి కూలబడ్డనాడు నీ పాస్‌పోర్టు." కూర్చున్న పెద్దలు అవునన్నట్టు తలలూపారు. "తండ్రి మాట నేను తప్పను. వల్లా, ఒట్టు, తప్పను." తండ్రి వస్తువు క్షేమం అడిగినట్టు అడిగాడు. "బండి ఎలా ఉంది?"

ఇంజను ఖలాస్ అనే మాట రాజలింగం నాలుక కొసదాకా వచ్చింది.

"బాగుంది, సాబ్," అన్నాడు.

బయట బండి పొద్దున ఆపిన చోటే ఉంది. మీద కప్పే గుడ్డను సగం లాగాక, వెనక తలుపు సరిగా పడలేదని గమనించాడు. వెయ్యబోయి, లోపలికి చూశాడు. సీటు మధ్య దించిన చేతిదిండు మీద చాయ్ గ్లాసు నిలబడి ఉంది, సగం చాయ్‌తో, పైన మీగడ తెట్టుకట్టి, ఒక్క చుక్క ఒలకకుండా.