కప్పు లేని కొలను

ఐర్లిస్ వంకరగా ఈదుతుందని ఎవరైనా అంతకుముందు నాతో అని ఉంటే వాళ్ళకు గట్టిగా గడ్డి పెట్టి పంపేదాన్ని. మా ఊరి పిల్ల. బొగ్గుగని కార్మికుల సంఘం కట్టించిన మా కొలనులో, పక్కన నేను కప్ప ఈత సాధన చేస్తుంటే, తను వెల్లకిల పడుకుని గీత గీసినట్టు తిన్నగా పోయేది. అలాంటిది కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ సామ్రాజ్య దేశాల క్రీడల్లో, అంతమంది జనం చూస్తుండగా, తాగినవాడు సందులో నడిచినట్టు లేన్‌కు రెండు పక్కలా కట్టిన ఈ తాడుకీ ఆ తాడుకీ తగులుతూ పోయింది. చివర్లో, గోడ ఇంకా దూరం ఉండగానే చేతులు నెమ్మది చేసి, మెడ తిప్పి వెనక్కి చూసింది. ఒకసారి చూసి ఊరుకుందా అంటే అదీ లేదు, మళ్ళీ చూసింది. ఆ చూడటంలోనే ముగ్గురు దాటిపోయారు. వెల్లకిల ఈత ఫైనల్లో తనకు చోటు దక్కలేదు.

నేను వేల్స్ ఆడపిల్లల ఈత జట్టుకు కెప్టెన్ని. నా పేరు కైన్‌వెన్. అప్పటికి ఇరవై ఆరేళ్ళు, అంటే ఈతగాళ్ళలో ముసలమ్మనే. ఇంటి దగ్గర కోఆపరేటివ్ దుకాణంలో నిలబడి వెన్న కోసి అమ్మేదాన్ని. కప్ప ఈతలో వేల్స్ మొత్తం మీద నన్ను ఓడించిన ఆడది లేదు. గొప్పలు చెప్పుకోకూడదని మా ప్రార్థన మందిరంలో నేర్పారు గానీ, ఉన్నమాట చెప్పుకోవద్దని ఎవరూ నేర్పలేదు.

ఆ ఆటల్లో మా ఆడపిల్లలకు ఇక మిగిలింది రిలే ఒక్కటే. జట్టుకు ముగ్గురు. ముందు ఒకరు వెల్లకిల ఈత, ఆమె వచ్చి గోడ ముట్టుకోగానే రెండో అమ్మాయి కప్ప ఈత, ఆ తర్వాత మూడో అమ్మాయి ఫ్రీస్టైల్. ఐర్లిస్, నేను, నాన్ అనే ఇంకో అమ్మాయి, మేం ముగ్గురం దీని కోసమే చలికాలమంతా రైళ్ళలో అటూ ఇటూ తిరిగి కలిసి సాధన చేశాం. పతకం వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఐర్లిస్ తిన్నగా ఈదితే వస్తుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా మేనేజరు మిసెస్ ప్రాసర్ నన్ను పక్కకు పిలిచింది. ఇంటి దగ్గర యుద్ధం నాటి మాంసం రేషన్ ఎత్తేసి నెలయినా నిండలేదు, ఇక్కడేమో పళ్ళెం పట్టనంత ముక్క పెడుతున్నారు. నా ముక్క చల్లారిపోతోందనే విసుగుతోనే వెళ్ళాను. రిలేలో మొదటి వంతు గేనర్‌కు ఇస్తున్నానని చెప్పింది. గేనర్ మా జట్టులో అదనపు మనిషి. సముద్రం ఒడ్డున ఊరు, తండ్రి పళ్ళ డాక్టరు, చిన్నప్పటి నుంచీ ఆరుబయట ఉప్పునీటి కొలనులో ఈదింది. మాట తక్కువ. ఐర్లిస్‌ను ఇంతవరకూ ఒక్కసారి కూడా దాటలేదు, కానీ తిన్నగా మాత్రం ఈదుతుంది.

“ఆ పిల్లకి భయం పట్టుకుంది కైన్‌వెన్. దాన్ని ఇంకోసారి నలుగుర్లో నిలబెట్టి ఏడిపించడం నాకిష్టం లేదు” అంది.

నాకు ఒళ్ళు మండింది. ఐర్లిస్‌కు భయమేమిటి? వరదొచ్చిన వాగులో పడ్డ పక్కింటి కుక్కను ఈదుకుంటూ వెళ్ళి పట్టుకొచ్చిన పిల్ల. అదే చెప్పాను, కొంచెం గొంతు పెంచే చెప్పాను. మిసెస్ ప్రాసర్ కోపం తెచ్చుకోలేదు. భయం కాకపోతే మరేమిటో కనుక్కుని రమ్మంది, కారణం చెబితే వింటానంది. ఆమె మాట తప్పే మనిషి కాదు. అందుకే భోజనం అక్కడే వదిలేసి పిల్లను వెతుక్కుంటూ వెళ్ళాను.

మేం దిగిన వసతి గృహం వెనక గడ్డిలో వెల్లకిల పడుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. పక్కన కూర్చుని, ఏం జరిగిందే అని అడిగాను.

“ఎక్కడున్నానో తెలీలేదు” అంది.

“నీళ్ళల్లో ఉన్నావు. మేమందరం చూశాంగా.”

“ఎగతాళి చెయ్యకు. పైన ఏం లేదు కైన్‌వెన్. చూడు, ఏమన్నా ఉందా?”

పైకి చూశాను. ఆకాశం ఉంది. మబ్బు తునక కూడా లేకుండా, కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. అప్పుడు అర్థమైంది నాకు.

మాది వాన ఊరు. కప్పు లేకుండా కొలను కడితే కింద నుంచీ పైనుంచీ తడవడమే. అందుకని మా సంఘం వాళ్ళు ఇనప దూలాలు వేసి, రేకులు కప్పి మరీ కట్టారు. వెల్లకిల ఈదేవాళ్ళకు కనిపించేది ఆ కప్పే కదా. పొడుగ్గా పోయే దూలం వెంబడి పోతే తిన్నగా పోయినట్టు. ఇక లోతు వైపు, గోడకు కొంచెం ఇవతల, అడ్డదూలం మీద ఒక బంతి ఇరుక్కుని ఉండేది. ఎప్పుడో మగపిల్లలు నీళ్ళల్లో ఆడుకుంటూ విసిరింది, దింపే నిచ్చెన లేక అక్కడే ఉండిపోయింది. ఆ బంతి తల మీదకు రాగానే ఐర్లిస్ చెయ్యి వెనక్కి చాపేది. రెండో వైపు గోడకు గుర్తు ఒక దీపం. ఇదంతా తను చేస్తున్నట్టు తనకే తెలియదు. నాకూ తెలియదు. నేను నీళ్ళలోకి చూస్తూ ఈదేదాన్ని, నాకు కప్పుతో పనేముంది?

నాకు నవ్వాగలేదు. పిల్ల ఉక్రోషంతో లేచి కూర్చుంది.

“ఓసి పిచ్చిదానా, నువ్వు బంతి కోసం వెతుక్కున్నావే” అన్నాను. తను మళ్ళీ వెల్లకిల పడుకుని, బంతి ఉండాల్సిన చోటుకు పైకి వేలు చూపించింది.

తర్వాత అక్కడే గడ్డిలో కూర్చుని దారి వెతికాం. వెల్లకిల ఈదేవాళ్ళకు ముందేముందో కనిపించదు, వదిలి వచ్చిన వైపు మాత్రం కాళ్ళ మీదుగా కనిపిస్తూనే ఉంటుంది. కనుక వదిలిన గట్టు మీద, తన లేన్‌కు సరిగ్గా మధ్యలో, మా జట్టు ఎర్ర కోటు ఒకటి నిలబడితే చాలు, దాన్ని రెండు కాళ్ళ మధ్య ఉంచుకుని పోవచ్చు. పోయేటప్పుడు ఇవతలి గట్టున నేను ఉంటాను. అవతలి మలుపు దగ్గర, చెయ్యి సరిగ్గా ముట్టిందో లేదో చూడటానికి తెల్ల టోపీ పెట్టుకున్న నిర్ణేత వంగుతాడు, ఆ టోపీయే బంతి. తిరిగి వచ్చేటప్పుడు అవతలి గట్టున ఇంకో ఎర్ర కోటు. ఆఖర్న ఇవతలి గోడ ఎంత దూరంలో ఉందో తెలియడానికి నేను గట్టు మీద నీళ్ళలోకి దూకే దిమ్మ మీద నుంచి ముందుకు వంగి, రెండు చేతులూ నీళ్ళ మీదకు చాపి ఉంచుతాను. నా వేళ్ళు తల మీదకు రాగానే తను చెయ్యి వెయ్యాలి.

మర్నాడు పొద్దున మిసెస్ ప్రాసర్ పరీక్ష పెట్టింది. పక్కపక్క లేన్లలో ఐర్లిస్, గేనర్. ఎవరు బాగా ఈదితే వాళ్ళకే చోటు. అవతలి గట్టు మీద నాన్‌ను ఎర్ర కోటుతో నిలబెట్టాం. నేను దిమ్మ ఎక్కి వంగి చూపించేసరికి మిసెస్ ప్రాసర్ కంగారు పడింది. ముందు మనిషి గోడ ముట్టుకోకుండానే నా కాలు దిమ్మను వదిలితే జట్టు మొత్తాన్ని ఆట నుంచి తీసేస్తారు. అంత వంగితే పడిపోనా అని ఆమె అనుమానం.

“రోజంతా కుర్చీ లేకుండా నిలబడి వెన్న అమ్మే కాళ్ళండీ ఇవి. నేను వదలమంటేనే వదులుతాయి” అన్నాను.

ఐర్లిస్ మా ఊళ్ళో ఈదినట్టే ఈదింది. వెనక్కి చూడలేదు, తాడు తగల్లేదు. తను గోడ ముట్టుకునేసరికి గేనర్ ఇంకా చాలా వెనక ఉంది. మిసెస్ ప్రాసర్ అందరి ముందూ ఐర్లిస్ పేరే చెప్పింది. గేనర్ నీళ్ళలోంచి పైకి వచ్చి, టోపీ తీసి పిండుకుని, కోటు కప్పుకుని వెళ్ళిపోయింది. అన్నాళ్ళు ఎదురుచూసి, ఒక్క రాత్రి చేతికొచ్చిన చోటు తెల్లారగానే పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. నన్ను తిట్టుకుంటుందనే అనుకున్నాను.

రిలే నాడు కూడా ఆకాశంలో మబ్బు లేదు. జట్ల పేర్లు పిలిచారు, చప్పట్లు కొట్టారు. ఐర్లిస్ నీళ్ళలోకి దిగి కమ్మీ పట్టుకుని, పైకి నన్ను చూసి, నా పక్కనున్న నాన్‌ను చూసి, మొహం మాడ్చుకుంది. అప్పుడు తట్టింది నాకు కూడా. నాన్ మూడో వంతు ఈదాలి. ఇవతలి గట్టునే ఉండాలి. ఇంత పథకం వేసిన మహాతల్లినీ నేనే, ఆ చిన్న సంగతి మరిచిపోయినదాన్నీ నేనే.

“అవతల ఎవరుంటారు?” అంది ఐర్లిస్.

“ఉంటారు. నువ్వు మలుపు తిరుగు, కనిపిస్తారు” అన్నాను. అంత ధీమాగా అబద్ధం చెప్పడం నాకెలా వచ్చిందో నాకే తెలియదు. అవతలి వైపు మెట్ల మీద తెల్ల చొక్కాలూ గడ్డి టోపీలూ తప్ప నాకేమీ కనిపించలేదు.

తుపాకి పేలింది. నేను కోటు వేసుకుని లేన్ మధ్యకు సరిగ్గా రాయిలా నిలబడ్డాను. ఐర్లిస్ నా మీదే చూపు పెట్టి, తాడుకు తగలకుండా, తిన్నగా వెళ్ళింది. అవతల తెల్ల టోపీ వంగింది, తను చెయ్యి వేసి మలుపు తిరిగింది. నిర్ణేత పని అయిపోయినట్టు నిటారుగా లేచి పక్కకు జరిగాడు. నేను కోటు విప్పి నాన్ చేతిలో పడేసి దిమ్మ ఎక్కాను. ఈ గట్టు మీద నేను ఏమి చేసినా, గోడ దగ్గరకు వచ్చేదాకా ఇక తనకు కనిపించదు.

సరిగ్గా అప్పుడే, మెట్ల మీద ముందు వరసలో, మా లేన్‌కు ఎదురుగా ఎర్ర కోటు ఒకటి లేచి నిలబడింది.

అంత దూరం నుంచి మొహం తెలియలేదు. తెలియాల్సిన పని లేదు. ఆ కొలను దగ్గర మా ఎర్ర కోటు వేసుకున్నవాళ్ళలో రిలేలో వంతు లేక అటు వైపు కూర్చోగల మనిషి ఒక్కతే ఉంది. ఐర్లిస్ చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. కాళ్ళతో నీళ్ళు ఎగజిమ్ముతూ, వెనక్కి తిరిగి చూడకుండా, గోడ మీదకు రైలులా వచ్చేస్తోంది. నేను కాలి వేళ్ళతో దిమ్మ అంచును కరిచి పట్టుకుని, ఎప్పుడూ వంగనంత వంగి చేతులు చాపాను. ఒకసారి ఒళ్ళంతా ముందుకు తూగింది, పడ్డాననే అనుకున్నాను. కాలి వేళ్ళు వదల్లేదు. తన కళ్ళు నా చేతుల్ని చూశాయి, చెయ్యి వెనక్కి వచ్చి గోడకు ఫట్‌మని తగిలింది. అందరికన్నా ముందు తగిలింది. అప్పుడు వదలమన్నాను నా కాళ్ళను.

నా వంతు నేను ఈదాను, నాన్ వంతు నాన్ ఈదింది. పెద్ద దేశాల పిల్లలు ఇద్దరు చివర్లో దాటారు గానీ మూడో స్థానం మాది. ఐర్లిస్ నన్నూ నాన్‌నూ పట్టుకుని ఎగిరింది, మిసెస్ ప్రాసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పతకం మెడలో వేయించుకున్నాక కొలను చుట్టూ తిరిగి అవతలి మెట్ల దగ్గరకు వెళ్ళాను. జనం వెళ్ళిపోతున్నారు. గేనర్ ముందు వరసలో కూర్చుని చెప్పులోకి దూరిన తొక్కలేవో దులుపుకుంటోంది. ఇక్కడ నిలబడమని నీకెవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. ఆ రోజు పరీక్షలో పక్క లేన్‌లో ఉన్నది తనే కదా, నాన్‌ను అక్కడ ఎందుకు నిలబెట్టామో చూడగానే తెలిసిందంది. రిలేలో నాన్ అక్కడ ఉండటం కుదరదని కూడా అప్పుడే తట్టిందట.

“వెనకవాళ్ళు ఊరుకున్నారా?” అన్నాను.

“కూర్చోమని ఒకటే అరుపులు. పల్లీ తొక్కలు కూడా విసిరారు. నేను తిరిగి చూళ్ళేదు” అంది గేనర్. “తిరిగితే కోటు కదులుతుంది కదా.”

ఆమె జుట్టులో ఇంకా రెండు తొక్కలు చిక్కుకుని ఉన్నాయి. అవి తీసి పారేసి, చెయ్యి పట్టుకుని లేపి, మా వాళ్ళ దగ్గరకు టీ తాగడానికి తీసుకెళ్ళాను.