ఆల్తే మామ్మ చలవ

పొద్దున లేవగానే గేసినా చేసే మొదటి పని అత్తగారి చుట్టూ పేరుకున్న మంచు గోకడం. కుర్చీ కోళ్ళకీ, దుప్పటి అంచులకీ, ఒక్కోసారి ఆవిడ గడ్డం కిందా పేరుకునేది. ఆల్తే మామ్మ ఒళ్ళు అంత చల్లన. ఫ్రీస్లాండ్ జిల్లా అంతటా తెలిసిన సంగతే. చేపలవాడు తన బుట్ట ఆవిడ కుర్చీ కింద పెట్టి, తన ఏడుగురు అక్కచెల్లెళ్ళ ఇళ్ళూ చుట్టి వచ్చేసరికి కూడా చేపలు కళ్ళార్పుతుండేవి.

గేసినా మాత్రం అలిసిపోయింది. మొగుణ్ణి జర్మన్లు వాళ్ళ ఫ్యాక్టరీలో పనికి ఈడ్చుకుపోయారు. ఆవులు, అత్తగారు, ఆపైన గోడలో రోస్యె. రోస్యె ఆమ్‌స్టర్‌డామ్‌లో టోపీలు కుట్టుకునే యూదు పిల్ల. జర్మన్లకి ఎదురు తిరిగిన రహస్య దళంవాళ్ళ తరఫున పాలబండి రింసె ఆమెను ఖాళీ క్యాన్ల మధ్య దాచి తెచ్చాడు.

"ఒక్క నెల ఓర్చుకో వదినా, యుద్ధం అయిపోతుంది," అన్నాడు. ప్రతి నెలా అదే మాట. ఆ ఒక్క నెలలో దూడలు ఆవులై, వాటికి మళ్ళీ దూడలు పుట్టాయి.

సోదాకి వచ్చిన సైనికులు ముందు పక్కలు తడిమేవాళ్ళు. ఉన్నది ఇద్దరని చెప్పిన ఇంట్లో మూడో పక్క వెచ్చగా తగిలిందా, అందరికీ తూటాలే. అందుకే కుక్క మొరగగానే రోస్యె తను పడుకునే గోడ అలమరాలోని మంచం వెనక చెక్కలు జరిపి లోపలికి దూరేది. మామ్మ వెళ్ళి ఆ మంచం మీద కూలబడేది. ముక్కు చీదినంత సేపట్లో పరుపు గడ్డకట్టేది.

ఆ చలికాలం చివర్లో రోస్యెకి జ్వరం పట్టుకుంది. ఆమె నుదుటి మీద రొట్టె కాల్చుకోవచ్చు. డాక్టర్ని పిలిస్తే గుట్టు రట్టవుతుంది.

"నేను పోతే ఎక్కడ పాతేస్తావక్కా? బీట్ దుంపల మడిలో మాత్రం వద్దు, నాకవి పడవు," అంది రోస్యె.

"నోర్మూసుకుని పడుకో. గొయ్యి తవ్వే ఓపిక నాకెక్కడిది?" అంది గేసినా.

అంతలో కుక్క మొరిగింది.

గేసినా పిల్లను చెక్కల వెనక్కి తోసింది. మామ్మ మంచమెక్కింది. సైనికుడు లోపలికొచ్చాడు. నిద్రలేక వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పరుపు తడిమాడు, చల్లగానే ఉంది. వెనక చెక్కలు చూశాడు. లోపలి జ్వరానికి చెక్కల జిగురు కరిగి బొట్లుబొట్లుగా కారుతోంది.

"ఈ చెక్కకి చెమటేమిటి?"



"నడుం పట్టేసింది నాయనా, కాస్త ఆనుకోనీ," అంటూ మామ్మ చెక్కలకి వీపు ఆన్చింది. కళ్ళు మూసుకుని, ఒంట్లో ఉన్న చలంతా వెనక్కి తోసింది. చెక్కలు పటపటలాడాయి. జిగురు గాజుపూసల్లా బిగిసింది. సైనికుడు వేలు పెట్టి చూశాడు. అంటుకుపోయింది! పీక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

"ఈ చలికి లోపలెవడున్నా ఈపాటికి చచ్చుంటాడు," అని విసుగ్గా వెళ్ళిపోయాడు.

గేసినా చెక్కలు తీసింది. రోస్యె జుట్టునిండా మంచు. ఒళ్ళు చల్లబడింది. గేసినా ఆమె చెంపలు తట్టింది.

రోస్యె కళ్ళు తెరిచింది. "ఆకలేస్తోందక్కా."

మామ్మ మొహం మాత్రం ఎర్రగా కందింది. "కిటికీ తియ్యవే, ఉడికిపోతున్నాను."

గేసినా ఆవిడ చెయ్యి పట్టుకుంది. వెచ్చన! అప్పుడు కూలబడింది. "ఇకమీదట పరుపు చల్లార్చేదెవరత్తయ్యా? మూడు పక్కలూ వెచ్చగా ఉంటే ఈసారి మన పని అయిపోయినట్టే. దీన్ని రింసెతో పంపేద్దామంటే, మన తర్వాత దీన్ని దాచాల్సిన ఇంటిని జర్మన్లు తగలబెట్టేశారట."

"మూడెందుకే, మొద్దూ? పిల్ల నా పక్కలో పడుకుంటుంది. పరుపులో ఇద్దరికీ ఒకటే గుంట, ఒకటే వేడి."

మామ్మ పక్కలోకి పెళ్ళైన కొత్తలో మూడు రోజులు మామగారు వెళ్ళాడు. కొడుకు పుట్టాడంటే ఆ మూడు రోజుల సాహసమే. నాలుగో రోజు గడ్డి అటక మీదికి మకాం మార్చినవాడు మళ్ళీ దిగలేదు.

గంజి తాగి రోస్యె మామ్మ పక్కలోకి దూరింది. ఆవిడ మెడ చుట్టూ చెయ్యి వేసి, అంతలోనే నిద్రపోయింది.

మధ్యాహ్నం గేసినా తొంగి చూస్తే మామ్మ కళ్ళు తెరుచుకునే ఉంది. కదలడం లేదు.

"నిద్ర పట్టలేదా అత్తయ్యా? చెయ్యి బరువా? తీసెయ్యనా?"

"ముట్టుకున్నావంటే చంపేస్తాను," అంది మామ్మ, ఊపిరంత మెల్లిగా.