లూసర్న్ మేసిన బర్రె

పొద్దున్నే పాలు పితికి, పాలకేంద్రంలో పోసొచ్చి, తిరుపతమ్మ తన ఒక్కగానొక్క బర్రెను మేతకి తోలుకెళ్ళేది. నకరికల్లు అవతల, ఊరి పశువులన్నీ తరతరాలుగా మేసిన బీడు అది. సాగర్ కాలవ నీళ్ళు అందాక దాని మీద ఊళ్ళో పెద్ద రైతు ధనుంజయరావు కన్ను పడింది. ఎనభై నాలుగులో చుట్టూ కంచె బిగించి, తన జెర్సీ ఆవుల కోసం లూసర్న్ గడ్డి చల్లించాడు. మిగతావాళ్ళు నోరు మూసుకుని పశువుల్ని ఇంటి దగ్గరే కట్టేసుకున్నారు. తిరుపతమ్మ మాత్రం ఎండెక్కాక కంచె తీగ ఎత్తిపట్టి, బర్రెను దర్జాగా లోపలికి పంపేది.

ఎండెక్కేదాకా ఆగటానికి కారణముంది. మంచు ఆరని లూసర్న్ కడుపునిండా మేస్తే ఏ పశువైనా ఉబ్బి గాల్లోకి లేస్తుంది. ధనుంజయరావు ఆవుల కాళ్ళకి అందుకే నాపరాళ్ళు కట్టేవాళ్ళు. ఎప్పుడైనా ఒకటి తాడు తెంపుకుని చింతకొమ్మల్లో ఇరుక్కుంటే, నిచ్చెనేసి దించి, ఆ పూట పాలు తగ్గాయని విసుక్కునేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఓ సోమవారం ధనుంజయరావు మనుషులు తిరుపతమ్మ బర్రెను పట్టుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టారు. పరాయి చేలో పడ్డ పశువుల్ని బంధించే ఆ దొడ్డికి నిలువెత్తు రాతిగోడ, ఇనప గేటు ఉన్నాయి. పైకప్పు లేదు. మూడు రోజుల్లో విడిపించుకోకపోతే వేలం వేస్తారు.

తిరుపతమ్మ పరుగున వెళ్ళేసరికి ధనుంజయరావు గేటు దగ్గర కాగితం పట్టుకుని ఉన్నాడు.

"ఆ నేల మొదట్నుంచీ మాదేనని రాయించా. వేలిముద్ర వెయ్యి, బర్రెను తోలుకుపో. ఊళ్ళో అందరూ వేశారు."

"అందరూ వేస్తే ఇంక నాదెందుకయ్యా నీకు?"

"ఏమే, నోరు లేస్తంది! ఎల్లుండి దాటితే వేలం. ఆ తర్వాత ఏం తిని బతుకుతావో ఏందో చూసుకో."

ఆ ఇల్లు గడిచేది బర్రె పాల మీదే. తిరుపతమ్మకి భయం కంటే కోపం ఎక్కువైంది.

"నా వేలు పాలు పితకటానికుంది, నీ కాగితానికి కాదు" అని వెనక్కి తిరిగింది.

మర్నాడు పొద్దున్నే ఊరంతా చూస్తుండగా ధనుంజయరావు చేలోకి దిగి, మంచు కారుతున్న లూసర్న్ మోపెడు కోసి, నెత్తిన పెట్టుకుని దొడ్డికి వచ్చింది.

"గడ్డి బాగా తడిగా ఉంది గదా అక్కా" అన్నాడు దొడ్డి కావలి అబ్దుల్ రహీమ్.

"బర్రె ఆకలి మీదుంది తమ్ముడా. ఆరేదాకా ఆగదు."

"గేటు తియ్యొద్దనే చెప్పారు నాకు. మేత వెయ్యొద్దని ఎవరూ చెప్పలా" అని మోపును గోడ మీంచి తనే లోపలేశాడు.

బర్రె చివరి పరక దాకా తింది. కాసేపటికి నాలుగు గిట్టలూ నేలను వదిలాయి. అది గోడ దాటి ఇవతలికి రాగానే తిరుపతమ్మ వేలాడుతున్న పలుపు అందుకుంది. బర్రె పైన, తను కింద, నడిబజారులో తలెత్తుకుని నడిచింది. ధనుంజయరావు అరుగు దిగి పరిగెత్తుకొచ్చి రహీమ్ మీద అరిచాడు.

"ఏసిన తాళం ఏసినట్టే ఉందండీ" అన్నాడు రహీమ్.

తిరుపతమ్మ ఇంటి వైపు తిరగలేదు. తిన్నగా బీడుకెళ్ళి, బర్రెను కంచె మీదుగా దాటించి, తను తీగల కింద దూరి, లూసర్న్ నడిమధ్యన గుంజ పాతి పలుపు బిగించింది.

"రమ్మనండి, ఎవడొస్తాడో!" అని కేకేసి గుంజ పక్కనే కూర్చుంది.

ఎండెక్కి మంచు ఆరాక ముందుగా మరియదాసు తన ఎడ్లను తోలుకొచ్చాడు. వెనకే ఆరోగ్యమ్మ మేకలతో వచ్చింది. మధ్యాహ్నానికి, వేలిముద్రలు వేసినవాళ్ళ పశువులన్నీ లోపలే ఉన్నాయి. తీగలు ఎవరు తెంపారో ఎవరూ చెప్పలేదు. బర్రె పెద్దగా త్రేన్చి నేలకి దిగి, వాటితో కలిసి మేయసాగింది.

ధనుంజయరావు వచ్చి గట్టు మీద నిలబడిపోయాడు. ఇంటి దగ్గర అతని ఆవులు మేత కోసం అరుస్తున్నాయి. తిరుపతమ్మ అతణ్ణి చూసి లేవను కూడా లేవలేదు.

"నీ ఆవుల్ని కూడా తోలుకురాయ్యా" అంది. "ఊరి బీడు గదా, వాటినెవరూ బందెలదొడ్డికి తోలర్లే."