లోలకం ప్రయోగానికి వేసిన తేదీ

సౌదీలో అల్ ఖోబర్‌లోని ఆ ప్రైవేటు కాలేజీ బడ్జెట్‌లో బేస్‌బాల్ కోచ్‌కు చోటు లేదు. అందుకని రామాంజిని, ఇకామా అనే నివాస అనుమతి కార్డు మీద ‘ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్’ అని రాయించి తెచ్చుకున్నారు. పొద్దున ప్రయోగాలు చేయించాలి, ఎండ తగ్గాక గ్రౌండులో బంతులు వేయించాలి. ఒక్క జీతానికి రెండు చాకిరీలన్నమాట! అయినా ఈ అనంతపురం మనిషికి ఆ టీమంటే ప్రాణం.

ఈ ఏడు డీన్ ఓ మెలిక పెట్టాడు. ఆటగాళ్లలో ఒక్కడు పరీక్ష తప్పినా టీము రద్దు. టీము లేకపోతే రామాంజికి ఎగ్జిట్టే, ఉద్యోగం ఊడి ఇండియాకు తిరుగు ప్రయాణమే.

మార్కులు పంపే గడువు మధ్యాహ్నం రెండు గంటలు. పన్నెండున్నరకు రికార్డులు తిరగేస్తున్న రామాంజి ఒకచోట ఆగిపోయాడు. క్యాచర్ మస్తాన్ వలీ రికార్డులో లోలకం ప్రయోగం పేజీ ఖాళీ. అది లేకుంటే వాడు తప్పినట్టే. అటెండెన్సులో మాత్రం ఆ ప్రయోగం చేయించిన రోజు వాడు హాజరు! వేసింది ఇంకెవరో కాదు, తనే. దమ్మాం జట్టుతో మ్యాచ్ దగ్గరపడిందని వాణ్ని ల్యాబ్ నుంచి గ్రౌండుకు తరిమి, ప్రెజెంట్ వేసేశాడు.

వలీని పిలిపించాడు.

“పక్కోడిది చూసి పది నిమిషాల్లో దింపేస్తా సార్. పాత తేదీ ఏసేస్తే ఎవురికి తెలుస్తాది?” అన్నాడు ఆ కడప కుర్రాడు.

నిజం చెప్పొద్దూ, రామాంజికి ఆ మాట తియ్యగానే ఉంది. కానీ వాడి చదువు చెడగొట్టింది చాలక, దొంగరాతలు కూడా నేర్పుతున్నానా అని సిగ్గేసింది.

“వద్దప్పా. గడువులోగా ఎప్పుడు చేసినా చెల్లుతాది. ల్యాబ్ తాళం నా దగ్గరే ఉండాది, రా.”

ల్యాబ్ స్టాప్‌వాచీ మొరాయించింది. పరుగులు కొలిచే తన వాచీని మెడలోంచి తీసిచ్చాడు రామాంజి. వలీ లోలకం గుండు ఊపాడు, ఊపులు లెక్కపెట్టాడు, తడబడి మళ్లీ మొదలెట్టాడు. ఒకటిన్నర దాటింది.

“తేదీ ఏం ఏయాల సార్?”

రామాంజి అటెండెన్సు రిజిస్టరు వైపు ఒకసారి చూశాడు. “ఈ రోజుదే.”

రెండుకు ఐదు నిమిషాలుందనగా, రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసే భీమవరం సునీత, రామాంజి తెచ్చిన రికార్డునూ అటెండెన్సునూ పక్కపక్కన పెట్టి చూసింది.

“కుర్రాడు పాసేనండి. టీముకీ ఢోకా లేదు. మరి ఆ రోజు చెయ్యనివాడికి ప్రెజెంట్ ఎవరేశారండి?”

“నేనే.”

“డీన్‌గారు ఊరుకోరండి. తెలిసే తెచ్చారా?”

“తెలిసే తెచ్చినామ్మా. ఆబ్సెంట్ అని దిద్దుకో.”

బయట వలీ స్టాప్‌వాచీ తిరిగివ్వబోయాడు. రామాంజి తీసుకోలేదు.

“నీ దగ్గరే పెట్టుకో. నేను రాకపోయినా నాలుగింటికి ప్రాక్టీసు మొదలుపెట్టాల” అన్నాడు.