గోడ మీద తలకిందులైన ఆకాశం

సైన్సు టీచరుకి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? సెలవులు గడిచి బడికి వచ్చేసరికి వరండా గోడ నిండా వాతావరణం తలకిందులుగా ఉంది.

ఆమె పెయింటరుకి రాసిచ్చిన కాగితంలో తప్పేమీ లేదు. నేల నుంచి పైకి లెక్కపెట్టి, ఒకటి ట్రోపో ఆవరణం, రెండు స్ట్రాటో, మూడు మీసో, నాలుగు థర్మో, ఐదు ఎక్సో అని వరుసగా రాసింది. పెయింటరేమో జన్మంతా దుకాణాల బోర్డులు రాసినవాడు. బోర్డు మీద ఒకటో వరుస ఎప్పుడూ పైనే ఉంటుంది. ఆ అలవాటు కొద్దీ ట్రోపో ఆవరణాన్ని తీసుకెళ్లి కప్పు కింద రాసి, ఎక్సో ఆవరణాన్ని నేలకు దించాడు. అడుగున పచ్చగడ్డి, బడి, నవ్వుతూ ఒక పిల్ల. పక్కన వాయువుల చక్రం మాత్రం సరిగ్గానే కుదిరింది. పొడిగాలిలో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్లు నైట్రోజన్, ఇరవై ఒకటి ఆక్సిజన్, మిగిలిన ఆ కాస్తలో ఆర్గాన్, చిటికెడు కార్బన్ డయాక్సైడ్.

"నాకేం తెలుసమ్మా! ఒకటంటే పైన అనుకున్నా. రెండు గంటల పని, పేర్లు చెరిపేసి మళ్లీ రాసేస్తా," అన్నాడు పెయింటరు, మొహం చిన్నబుచ్చుకుని.

రాయనిస్తేగా! పెద్దసారు అడ్డుపడ్డాడు.

"ఫోటో తీసి పై ఆఫీసుకు పంపేశాం. వచ్చేవారం అధికారి వచ్చి ఫోటోని, గోడని సరిచూసుకుంటారు. ఇప్పుడు మారిస్తే సంజాయిషీ ఎవరిస్తారు, మీరా?"

"ఆ పిల్ల ఎక్సో ఆవరణంలో నిలబడి ఉంది సార్! అక్కడ పీల్చుకోవడానికి గాలే ఉండదు!"

"బొమ్మకి ఊపిరి దేనికమ్మా?" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు పెద్దసారు.

అధికారికి గోడ చూపించి వివరించాల్సింది ఏడో తరగతి అమ్మాయి. మాటకు ముందు ఒకటి, తర్వాత ఒకటి "ఎందుకు" అంటుందని క్లాసంతా దాన్ని ఎందుకమ్మ అని పిలుస్తారు. మబ్బులూ వానలూ అన్నీ మనముండే అడుగు పొరలోనే అని, ఓజోను రెండో పొరలో ఉండి ఎండలోని చెడ్డ కిరణాలను ఆపుతుందని, ఉల్కలు ఎక్కువగా మూడో పొరలో కాలిపోతాయని దానికి కంఠతా వచ్చు.

"గోడ మీద ఉన్నదే చెప్పించండి. తేడా వస్తే మెమో మీకే," అన్నాడు పెద్దసారు.

అప్పటిదాకా గొంతు చించుకున్న టీచరు మెమో అనగానే చల్లబడిపోయింది. ఆమెది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. ఎందుకమ్మని పిలిచి, గోడను చూసి చెప్పమంది.

"ఎందుకు టీచర్?"

"ఆ ఒక్కరోజుకే తల్లీ. అడక్కు."

అధికారి వచ్చాడు. చేతిలో ఫోటో, వెనక పెద్దసారు, ఎదురుగా పిల్లలంతా వరుసల్లో. "మనం ఉండేది ఏ పొరలో పాపా?" అని అడిగాడు.

అమ్మాయి టీచరు వైపు చూసింది. టీచరు హాజరుపట్టీలో తల దూర్చింది.

"ఎక్సో ఆవరణంలో సార్."

"మరి మబ్బులు?"

"అవీ... అక్కడే సార్."

"వెరీ గుడ్!" అన్నాడు అధికారి. ఫోటోతో గోడను పోల్చుకుని కాగితం మీద టిక్కు కొట్టాడు. పెద్దసారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇక టీచరు వల్ల కాలేదు. "ఏం వెరీ గుడ్డు సార్? అంతా తప్పు! మీకు తెలియదు, తెలిసిన ఈయన చెప్పనివ్వడు!"

"టీచర్! ముందు క్షమాపణ చెప్పండి!" పెద్దసారు అరిచాడు.

"చెప్తాను."

అధికారిని దాటుకుని వెళ్లి, అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "తప్పు నీది కాదు తల్లీ. నీకు సరిగ్గానే వచ్చు. నా ఉద్యోగం కోసం నీ నోట అబద్ధం పలికించాను. నన్ను క్షమించు."

అమ్మాయి పర్లేదు అనలేదు. చేత్తో కళ్లు తుడుచుకుంది.

"మీకు భయమేసిందా టీచర్?"

"వేసింది."

"నాకూ వేసింది. కానీ మీరు పెద్దవాళ్లు కదా!" అంది.