పటంలో లేని బస్తీ

"ఆ యంత్రం పైకెగిరి తిన్నగా మన నెత్తినే పడితే? పడకపోయినా, కంపెనీవాళ్ళు పోలీసుల్ని తెచ్చి ఎవరి పని ఇది అంటే, అందరూ నీ వైపే కదే వేలు చూపిస్తారు?"

అప్పటికి ఇంకా ఏ యంత్రమూ రాలేదు. ఎవరూ ఏదీ ఎగరెయ్యలేదు. అయినా ఆమె అంతే. పొయ్యి ముట్టించకముందే చెయ్యి కాలిందనుకునే మనిషి. బస్తీలో చిన్నా పెద్దా అందరూ ఆమెను భయాలత్త అనే పిలుస్తారు. ఎదురుగానే పిలుస్తారు. ఆమె పలుకుతుంది కూడా.

కూతురు చెప్పులు వేసుకుంటూ, "చూపిస్తే చూపించనీ అమ్మా. నిన్న ఆఫీసులో వేలు పెట్టి మనల్ని లేకుండా చేశారుగా, అంతకన్నానా?" అంది. ఆ పిల్ల క్వారీలో రాళ్ళు నలగ్గొట్టే క్రషర్ బెల్టు దగ్గర పనిచేస్తుంది. క్వారీ కార్మికుల సంఘానికి కార్యదర్శి కూడా.

నిన్న గనుల ఆఫీసులో బల్ల మీద ఒక పెద్ద పటం పరిచారు. కంపెనీ డ్రోన్‌తో తీయించిన పటం. అందులో కొండ ఉంది, క్వారీ గొయ్యి ఉంది, వరసగా నిలబెట్టిన టిప్పర్లు ఉన్నాయి. కొండ వాలు మీద బస్తీ ఉన్నచోట మాత్రం బూడిదరంగు మరకలు. పక్కన రాశారు: రాతి కుప్పలు, నివాసాలు లేవు. కంపెనీ ఇంజనీరు ఆ మాట మీద వేలు ఆనించి, క్వారీని అటువైపు పెంచుకోవడానికి అడ్డేమీ లేదన్నాడు.

"మేమున్నాం కదా సార్," అన్నారు బస్తీ నుంచి వెళ్ళినవాళ్ళు.

"మీరు మాట చెబుతున్నారు, వాళ్ళు ఫోటో చూపిస్తున్నారు," అన్నాడు ఆఫీసరు. "ఎల్లుండి విచారణ. మీ దగ్గరేమన్నా ఉంటే తెండి."

వెనక వరసలో నిలబడ్డ భయాలత్త మెడ చాచి ఆ మరకల్లో తన ఇంటిని వెతుక్కుంది. తను నిలబడి ఉండగానే తను లేదని తేల్చడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఎలా తీశారో అర్థం కావడానికి చదువక్కర్లేదు. క్రషర్ దుమ్ము రేయింబవళ్ళు రాలుతుంది. రేకుల మీద, ఆరేసిన గుడ్డల మీద, అన్నం గిన్నెల మీద. పైనుంచి చూస్తే ఇల్లేదో రాయేదో తెలియదు. ఇక మనుషులంటారా, కొండలో మందు పేల్చేముందు సైరన్ కూస్తుంది. కూసిందంటే పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలి, చంటిపిల్లను చంకనేసుకుని గట్టు వెనక్కి ఉరకాలి. బస్తీలో పిల్లలకు నడక రాగానే నేర్పే మొదటి విద్య అదే. కంపెనీ డ్రోన్‌ని ఎగరేసింది సరిగ్గా సైరన్ కూశాకే. గట్టు వెనక నక్కిన జనం తలెత్తి దాన్ని చూసి మురిసిపోయారు. చంకలో పిల్లలకు చూపించారు కూడా.

"ఎవరిదో పెళ్ళి వీడియో అనుకున్నానే," అంది ఒక ముసలమ్మ. "చెయ్యి కూడా ఊపాను."

ఆఫీసు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే సంఘం షెడ్డు కిటకిటలాడింది. కొండకు రంధ్రాలు కొట్టే డ్రిల్లు తాత అందరికన్నా ముందు లేచాడు.

"పని ఆపెయ్యండి. గొయ్యిలోకి ఎవడూ దిగొద్దు. ఫోటోలు దిగి గెలిచినవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

"నువ్వు పని ఆపి పడుకుంటావు తాతా," అన్నాడు టిప్పర్ డ్రైవరు. "వాళ్ళు ఎల్లుండి సంతకం పెట్టించుకుంటారు. లేచి చూస్తే నీ మంచం గొయ్యిలో ఉంటుంది."

జనం నవ్వారు. తాత నవ్వలేదు. "నవ్వండి. మీ తాతలూ ఇలాగే నవ్వి ఇక్కడికొచ్చి పడ్డారు."

భయాలత్త కూతురు లేచింది. "పని ఆపుదాం. ఎల్లుండి మొత్తం క్వారీ ఆగాలి, మొత్తం బస్తీ ఆఫీసు ముందుండాలి. కానీ చేతులూపుకుంటూ పోవద్దు. వాళ్ళకి పైనుంచి చూసే కన్నుంది. మనమూ ఒక కన్ను తెచ్చుకుందాం. కూలికి."

"కూలోళ్ళం మనం. మనం ఇంకొకరిని కూలికి పెట్టుకోవడమా?" ఎవరో అన్నారు.

"ఎందుకు పెట్టుకోకూడదు? పొద్దునకల్లా ఇంటింటికీ చందా వేద్దాం."

అక్కడే, అందరికీ వినపడేలా ఫోన్లు చేశారు. మొదటి డ్రోన్ పైలట్, క్వారీ కంపెనీ పేరు వినగానే, "రేపు పెళ్ళుందండీ," అన్నాడు.

"ఎవరిదయ్యా?" అన్నాడు డ్రైవరు.

"నాదే," అని పెట్టేశాడు.

రెండోసారి ఆడగొంతు పలికింది. ఎంత మేర తీయాలి, కరెంటు తీగలెక్కడున్నాయి, మందు ఏ వేళ పేలుస్తారు అని అడిగింది. అనుమతి సంగతి తను చూసుకుంటానంది. "పటం కింద నా లైసెన్సు నంబరు, నా సంతకం ఉంటాయి. ఉన్నది ఉన్నట్టే తీస్తాను. లేనిది కలపమంటే రాను."

"ఉన్నదే తియ్యి తల్లీ," అన్నాడు డ్రిల్లు తాత. "మా గొడవంతా అదే."

మర్నాడు ఆమె స్కూటరు మీద, వెనక పెట్టె కట్టుకుని వచ్చింది. పైలట్ అంటే టోపీ ఉంటుందనుకున్న ముసలమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది. పైలట్టమ్మ బస్తీ నాలుగు మూలలా నేల మీద సున్నంతో పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు వేయించింది. ముక్కలుగా తీసిన ఫోటోలు సరిగ్గా అతకాలంటే అవి ఉండాలట. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పుల వైపు చూసింది.

"ఈ దుమ్ముతో కష్టం. మళ్ళీ రాళ్ళనే అంటారు. తుడవగలరా?"

"తుడిచి నిచ్చెన దిగేలోపు మళ్ళీ పడుతుంది," అన్నాడు డ్రైవరు.

"అయితే కప్పులెక్కి నిలబడదాం," అన్నాడు ఇంకొకడు.

"అయ్యో, ఆ తుప్పు రేకులు మిమ్మల్ని మోస్తాయా? అవి కూలి మీ కాళ్ళు విరిగితే?" భయాలత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవరి గుమ్మం ముందు వాళ్ళు నిలబడితే కనపడరా ఏం?"

పైలట్టమ్మ ఆమె వైపు తిరిగింది. "కనపడతారు. అదే చెయ్యండి. డ్రోన్ దుక్కి దున్నినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతుంది. అది దిగేదాకా ఎవరూ గుమ్మం వదలొద్దు."

యంత్రం జుమ్మని లేచింది. ఒక్కో ఇంటి ముందు ఆ ఇంటి మనుషులు నిలబడ్డారు. నడవలేనివాళ్ళను కుర్చీలతో సహా తెచ్చి కూర్చోబెట్టారు. రంగుల దుప్పట్లు పరిచారు. భయాలత్త మాత్రం ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను కూతురి మీద ఉంచింది.

సైరన్ కూసింది.

వేళ కాని వేళ. అయినా కాళ్ళు వేళ చూడవు. జనం ఒక్కసారిగా గట్టు వైపు ఉరికారు. అందరికన్నా ముందు భయాలత్త. కొంత దూరం పోయి తిరిగి చూస్తే వెనక కూతురు లేదు. గుమ్మం ముందే ఉంది.

"సగమే అయింది," అని అరిచింది పైలట్టమ్మ. "దించెయ్యనా?"

"దించొద్దు," అంది కూతురు. "అమ్మా, ఇది ఉత్తుత్తి కూత. మనల్ని తరిమి మళ్ళీ ఖాళీ పటం తీయించాలని."

"వేళ కాదని మీ నాన్నా అలాగే అనుకున్నాడే."

ఆ రోజూ వేళ కాదు. మేనేజరు తొందరపెట్టాడు, సైరన్ కన్నా ముందు మందు పేలింది, రాయి ఎగిరొచ్చి ఆయన ప్రాణం తీసింది. ఆ మందు పేల్చిన చెయ్యి భయాలత్త సొంత తమ్ముడిది. ఆ నాటి నుంచి తమ్ముడు ఆమె గుమ్మం తొక్కలేదు. దారిలో ఎదురైతే తల వంచుకుని పక్క సందులోకి తిరిగిపోతాడు. పలకరిస్తే పలకడు.

ఇప్పుడూ కొండ అంచు మీద నిలబడ్డది అతనే. చేతిలో మందు పేల్చే పెట్టె. పక్కన మేనేజరు.

జనం అటూ ఇటూ కాకుండా ఆగారు. "నిన్న రంధ్రాలు కొట్టింది నేనే," అన్నాడు డ్రిల్లు తాత రొప్పుతూ. "వాటిలో మందు నింపారో లేదో నాకు తెలీదు. తెలిసింది వాడొక్కడికే."

భయాలత్త అరచేతులు నోటి చుట్టూ దొప్పలా పెట్టి కొండ అంచు వైపు అరిచింది. "తమ్ముడూ, మందు పెట్టావా?"

సైరన్ ఆగింది. తమ్ముడు తల వంచుకున్నాడు. మేనేజరు అతని చెవిలో ఏదో అన్నాడు.

భయాలత్త గట్టు వైపు చూసింది. బతుకంతా ఆ గట్టు వెనకే గడిచింది. ప్రతిసారీ దాని వెనక నుంచి లేచి, ఇల్లుందా కూలిందా అని చూసుకుంటూ రావడమే. ఈసారి లేచి వస్తే చూసుకోవడానికి ఇల్లు ఉండదు. గొయ్యి ఉంటుంది. ఆమె వెనక్కి నడిచింది. కూతురి పక్కన నిలబడి ఆ పిల్ల మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోతే ఇద్దరం పోదాం," అంది. "చెయ్యి మాత్రం వదలకు."

భయాలత్తే నిలబడ్డాక మిగిలినవాళ్ళకు పరుగెత్తడానికి మొహం చెల్లలేదు. డ్రిల్లు తాత తిట్టుకుంటూ తన గుమ్మానికి పోయాడు. డ్రైవరు ముసలమ్మను ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరే, ఒక్కొక్కరే. గట్టు వెనక ఒక్క మనిషి మిగల్లేదు. యంత్రం వాళ్ళ తలల మీదుగా వరసలు దున్నుకుంటూ పోయింది. పైలట్టమ్మ కూడా తన స్కూటరు దగ్గరకు పోలేదు.

సైరన్ మళ్ళీ కూసింది. ఎవరూ కదల్లేదు. అది కూసి కూసి ఆగాక బస్తీ మొత్తం ఒక్క గొంతుతో అడిగింది.

"మందు పెట్టావా?"

కొండ ఆ మాటను తిప్పి కొట్టింది. మేనేజరు పెట్టె వైపు చెయ్యి చాపాడు. మందు పేల్చేవాడు పెట్టెను వెనక్కి లాక్కున్నాడు. తల వంచుకునే ఉన్నాడు. భయాలత్త కళ్ళు మూసుకోలేదు.

అతను తలెత్తాడు.

"పెట్టలేదక్కా," అన్నాడు. ఏళ్ళ తరబడి వాడని గొంతు, బొంగురుపోయింది. "నిలబడండి. నేనూ దిగొస్తున్నా."